వెనక దొడ్లో చీకటి, అర్ధరాత్రి ఫోన్లు

అల్లూరు వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊరి పేరు కూడా వెయ్యడం లేదు. కుదించి చెబుతాను.

రాసినావిడ భర్త కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఆవిడ, అత్తగారు, ఇద్దరు పిల్లలు, దొడ్లో రెండు బర్రెలు. పోయిన కార్తీకంలో బోరు మోటారు కేబులు ఎవరో రాత్రికి రాత్రి కోసుకుపోయారు, లోపలి రాగి కోసం. భర్త డబ్బు పంపితే నెల్లూరులో నాలుగు కెమెరాల సెట్టు కొని పెట్టించారు. పగలు బొమ్మ బాగానే ఉంది. రాత్రి అయితే వరండా కెమెరాలో పాలు ఒలికినట్టు అంతా తెలుపు. వెనక కెమెరాలో దగ్గరున్న అరటిచెట్టు దీపం పెట్టినట్టు వెలిగిపోతుంది. దాని వెనక 20 మీటర్ల దూరంలో ఉన్న గొడ్ల కొట్టం, మోటారు, వెనక గేటు మాత్రం మసి. కెమెరాలు బిగించిన కుర్రాడు ఒక ఐఆర్ లైటు, అంటే కంటికి ఆనని పరారుణ వెలుతురు ఇచ్చేది, తెచ్చి ఆ కెమెరాకి వచ్చే వైరుకే కలిపాడు. పొద్దుగూకగానే లైటు వెలుగుతుంది, కెమెరా ఆరిపోతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. ‘లైటు చాల్లేదక్కా, ఇంకా పెద్దది కొనండి’ అని చెప్పి లైటు తీసుకెళ్ళిపోయాడు. ఆన్‌లైన్‌లో చూస్తే 700 రూపాయల నుంచి 5 వేల దాకా ఉన్నాయి, చవకదానికీ ఖరీదుదానికీ వంద మీటర్లనే రాశారు. ఆవిడ చేతిలో ఉన్నది రెండున్నర వేలు.

పక్కిల్లు బావగారిది. రెండు దొడ్లకీ మధ్య ఒక పిట్టగోడ. ‘మా స్నానాల తడక మీదికి కెమెరా పెట్టారు’ అని తోటికోడలు మాట్లాడ్డం మానేసింది. కెమెరాలో ఎర్రటి చుక్కలు చూసి అత్తగారు చీకటి పడ్డాక కొట్టం వైపు పోవడం లేదు. భర్త రాత్రి పన్నెండున్నరకీ ఒంటిగంటకీ ఫోన్ చేసి, ‘వెనకాల ఎవరో కదిలారు, లేచి చూడు’ అంటున్నాడు. ఉత్తరం ఆఖర్లో, కాగితం అంచున, ఇంకాస్త చిన్న అక్షరాలతో రాసింది ఇది: ‘లైటు బాగా పెడితే ఆయన మనసు కుదుటపడుతుందని ఒక పక్క. ఇంకా బాగా కనపడితే ఇంకా జాస్తి ఫోన్లు వస్తాయేమోనని ఇంకో పక్క. మొన్న పదకొండింటికి వరండాలోకి ఎందుకొచ్చావని అడిగాడు. ఏ లైటు కొనమంటారు?’

జవాబు

అమ్మా, లైటు సంగతికి వస్తాను. కానీ మీరు పైసా ఖర్చు పెట్టకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. కత్తి తీసుకుని ఆ అరటాకులు కొయ్యండి.

ఎందుకో చెబుతాను. మీ కెమెరా లెన్సు చుట్టూ చిన్న గింజల్లా ఎల్‌ఈడీలు ఉంటాయి. రాత్రి అవి మన కంటికి ఆనని పరారుణ కాంతిని చిమ్ముతాయి, ఆ వెలుతురులో కెమెరా నలుపు తెలుపులో చూస్తుంది. పచ్చటి ఆకు ఈ కాంతిని పీల్చుకోదు, చాలావరకు తిప్పికొట్టేస్తుంది. అందుకే పగలు పచ్చగా ఉన్న అరటాకు రాత్రి మీ బొమ్మలో సున్నం కొట్టినట్టు కనపడుతోంది. ఇంత తెల్లటి వస్తువు ఎదురుగా ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా తన కన్ను తనే చిన్నది చేసుకుంటుంది. దాంతో దూరంగా ఉన్న కొట్టం మసైపోతుంది. ఉన్న కాస్త వెలుతురునీ ఆ ఆకే తిప్పికొట్టేస్తోంది.

దీనికి దూరం లెక్క కూడా తోడైంది. వెలుతురు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది, పది రెట్లయితే నూరో వంతుకు. ఆకు కెమెరాకి 2 మీటర్ల దూరంలో ఉందనుకోండి, కొట్టం 20 మీటర్ల దూరంలో ఉంది. అంటే ఆకు మీద పడే వెలుతురులో నూరో వంతు కొట్టం మీద పడుతోంది. మీరు వంద మీటర్ల లైటు తెచ్చి ఆ కెమెరా పక్కనే బిగించినా ఈ లెక్క మారదు. ఆకు ఇంకా తెల్లబడుతుంది, అంతే. గెల దిగే చెట్టైతే నరకొద్దు. కెమెరానే రెండు మీటర్లు పక్కకి జరపమనండి.

వరండా కెమెరాదీ ఇదే జబ్బు. శ్లాబు అంచు కిందనో గోడ మూలకో బిగించి ఉంటారు. దాని వెలుతురు పక్కనున్న వెల్ల గోడకి కొట్టి తిరిగి దాని మొహం మీదే పడుతుంది. ఒక జానెడు ముందుకి లాగి, గోడ అంచు బొమ్మలో పడకుండా తిప్పితే సగం తెలుపు పోతుంది. గుండ్రటి డోము కెమెరా అయితే మూత తీసి లోపల, బయట మెత్తటి గుడ్డతో తుడవండి. బిగించేటప్పుడు అంటిన వేలిముద్ర జిడ్డు చాలు ఇంత పాలపొరకి. వరండాలో ఎలాగూ రాత్రంతా ఒక చిన్న బల్బు వేసే అలవాటుంటే అక్కడ ఐఆర్ అవసరమే లేదు.

ఇప్పుడు మీ ఆయన ఫోన్ల సంగతి. లైటు గురించి అడిగితే ఫోన్ల గురించి చెబుతాడేమిటి అనుకోవద్దు. రెండూ ఒకచోటే కలుస్తాయి.

కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ దిగి రాత్రి పదింటికి ఫోన్ చూసుకుంటే ఇక్కడ మీకు పన్నెండున్నర. అప్పటికి ఫోన్లో ‘కదలిక కనిపించింది’ అని వరసగా మెసేజీలు వచ్చి ఉంటాయి. ఆ కదిలింది ఎవరు? నేను ఇన్నేళ్ళలో ఎక్కువసార్లు పట్టుకున్న దొంగ సాలెపురుగు. కెమెరా వెచ్చగా ఉంటుంది, ముందు చూరు ఉంటుంది, సాలీడుకి అంతకంటే ఏం కావాలి? లెన్సు ముందు ఒక పోగు అల్లుతుంది. ఆ పోగు మీద పక్కనున్న ఎల్‌ఈడీ వెలుతురు పడి బొమ్మలో మోకు అంత లావున తెల్లగా మెరుస్తుంది. గాలికి ఊగిన ప్రతిసారీ కెమెరా లెక్కలో అది కదలికే. వానచినుకు, సంక్రాంతి నెల మంచు, బర్రెలు లేపే దుమ్ము, అన్నీ ఇంతే. నిద్రకళ్ళతో అంత దూరాన కూర్చున్న మనిషికి అది మనిషి నీడలాగే కనపడుతుంది.

విడిగా ఐఆర్ లైటు కొనడంలో అసలు లాభం ఇక్కడుంది. అంగట్లో వాళ్ళు దూరం గురించే చెబుతారు, దీని గురించి చెప్పరు. వెలుతురు కెమెరా పక్కనుంచి కాకుండా వేరే చోటినుంచి వస్తే, కెమెరా సొంత ఎల్‌ఈడీలు ఆపేయొచ్చు. అప్పుడు లెన్సు ముందు బూజు ఉన్నా దాని మీద వెలుతురు పడదు కాబట్టి మెరవదు. సొంత ఎల్‌ఈడీలు ఆపే వీలు కొన్ని కెమెరాల మెనూలో ఉంటుంది. లేకపోతే నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు ఉంగరంలా కత్తిరించి ఆ గింజల మీద అంటించమనండి. ఆ గింజల మధ్య వెలుతురు పసిగట్టే చిన్న కన్ను ఒకటి ఉంటుంది, దాన్ని మూయొద్దు. మూస్తే పగలు కూడా నలుపు తెలుపే. ఆ కన్ను మీద వీధిలైటు పడుతున్నా ఇబ్బందే. కెమెరా రాత్రిని పగలనుకుని రంగుల్లోనే ఉండిపోతుంది, పరారుణ కాంతిని ఆపే గాజుపలక లోపల అడ్డంగానే ఉంటుంది. అప్పుడు మీరు ఎంత ఐఆర్ కుమ్మరించినా అది చూడదు. రాత్రి మీ బొమ్మ నలుపు తెలుపులోకి మారుతోందని రాశారు కాబట్టి ఆ బాధ లేదు.

ఇక లైటు ఎక్కడ పెట్టాలి? కెమెరా దగ్గర కాదు, కొట్టం దగ్గర. కొట్టానికి ఒక 8 మీటర్లు ఇవతల, పిట్టగోడ వైపున, గోడకి కాకుండా మన నేలలోనే ఒక జీఐ పైపు పాతండి. మనిషి తల కంటే ఎత్తులో లైటు బిగించి, మొహం కొట్టం వైపూ గేటు వైపూ, వీపు తోటికోడలి ఇంటివైపూ ఉండేట్టు తిప్పండి. కెమెరా లెన్సులోకి నేరుగా కొట్టకూడదు, అది చూసుకోండి. 20 మీటర్ల నుంచి కొట్టే బదులు 8 మీటర్ల నుంచి కొడితే అదే లైటు ఆరు రెట్లకు పైగా వెలుతురు ఇస్తుంది. అందుకే మీకు 5 వేల లైటు అక్కర్లేదంటున్నాను.

డబ్బా మీద మూడు చూడండి. మొదటిది నానోమీటర్లు, 850 లేదా 940 అని ఉంటుంది. 850 అయితే దగ్గరికెళ్ళి చూస్తే బీడీ నిప్పంత ఎరుపు కనపడుతుంది. మీ అత్తగారు చూసిన చుక్కలు అవే, అంటే మీ కెమెరాల్లో ఉన్నది 850. 940 అయితే కంటికి ఏమీ కనపడదు, టీవీ రిమోటు చివర ఉండేది సాధారణంగా అదే. అత్తగారి భయం పోవడానికి 940 కొందామనిపిస్తుంది. కానీ మన మామూలు కెమెరాలకి 940 సరిగా ఆనదు. 850లో చూసేదాంట్లో సగం, ఒక్కోసారి సగం కూడా కాదు. అదే వెలుతురు కావాలంటే రెండింతల లైటు కొనాలి, మీ రెండున్నర వేలు దాటిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. తోటికోడలు ఇప్పటికే అనుమానంతో ఉన్నప్పుడు కనపడని లైటు తెచ్చిపెట్టారని రేపు తెలిస్తే, దాచి పెట్టారనే మాట వస్తుంది. నేనైతే 850 కొంటాను. మీరు 940 వైపే మొగ్గితే తప్పేం లేదు, కాకపోతే పైపు ఇంకో రెండు మూడు మీటర్లు కొట్టానికి దగ్గరగా పాతండి.

రెండోది డిగ్రీలు, అంటే వెలుతురు విచ్చుకునే కోణం. 8 మీటర్ల దగ్గర 30 డిగ్రీల లైటు నాలుగు మీటర్ల వెడల్పు పరుస్తుంది, 60 డిగ్రీలది తొమ్మిది మీటర్లు, 90 డిగ్రీలది పదహారు. కొట్టమూ గేటూ పక్కపక్కనే ఉంటే 60 చాలు. వెడల్పు పెరిగేకొద్దీ వెలుతురు పల్చనవుతుంది.

మూడోది కరెంటు ఎంత తాగుతుందో. వంద మీటర్లు, 48 ఎల్‌ఈడీలు లాంటి అంకెల్ని పట్టించుకోవద్దు. సన్న గింజలు 48 ఉన్నదానికంటే లావు ఎల్‌ఈడీలు నాలుగో ఆరో ఉన్న అల్యూమినియం బాడీ లైటు మేలు, ఎక్కువ కాలం నిలుస్తుంది. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే 12 వాట్లు. మీ దొడ్డికి అది చాలు. రోజుకి 12 గంటల లెక్కన నెలకి నాలుగు యూనిట్ల చిల్లర అవుతుంది. ఇంటికి తెచ్చాక చీకటి గదిలో వెలిగించి సెల్‌ఫోన్ ముందు కెమెరాతో చూడండి, ఊదారంగులో వెలుగుతున్నట్టు కనపడుతుంది. అరగంట తర్వాత వీపు ముట్టుకోండి, వెచ్చబడి ఉండాలి. చల్లగా ఉంటే రాసిన వాట్లు అందులో లేవు, వాపసు పంపెయ్యండి. పిల్లల్ని మాత్రం దగ్గరగా దాని మొహంలోకి చూడనివ్వొద్దు. మామూలు దీపమైతే కళ్ళు చికిలించుకుంటాం, ఇది కనపడదు కాబట్టి కన్ను తప్పుకోదు.

ఇప్పుడు ఆ కుర్రాడి లైటు పెట్టగానే కెమెరా ఎందుకు ఆరిపోయిందో చెబుతాను. లైటు తప్పేం లేదు, వైరుది తప్పు. అమ్మా, కెమెరాలకి వేసే 3+1 కేబుల్లో (మూడు సన్న తీగలూ, బొమ్మ తెచ్చే తీగ ఒకటీ ఉండేది) కరెంటు పోయే తీగలు వెంట్రుకల్లా ఉంటాయి. చవకవాటిలో అది పూర్తి రాగి కూడా కాదు, అల్యూమినియం మీద రాగి పూత. మంచి రాగే అనుకుని, మందం 0.2 చదరపు మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేద్దాం. డీవీఆర్, అంటే కెమెరాల బొమ్మలు రికార్డు చేసే పెట్టె, దగ్గర్నుంచి వెనక కెమెరాకి తిప్పి తిప్పి తెస్తే 25 మీటర్లు. కరెంటు పోవాలి, రావాలి, మొత్తం 50 మీటర్ల తీగ. దాని నిరోధం నాలుగు ఓములు పైచిలుకు. కెమెరా ఒక్కటే ఉన్నప్పుడు రాత్రి 0.4 ఆంపియర్ లాగుతుందనుకోండి, దార్లో 1.75 వోల్టులు పోయి కెమెరాకి పదింబావు అందుతుంది. ఎలాగో నడుస్తుంది. అదే తీగకి 1 ఆంపియర్ లైటు కలిపితే దార్లోనే ఆరు వోల్టులు పోతాయి. మిగిలిన ఆరింటితో కెమెరా నిలబడలేదు. ఆరిపోతుంది. అది ఆరగానే బరువు తగ్గి వోల్టేజీ కాస్త లేస్తుంది, మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ పడుతుంది. ఆ కుర్రాడేమో ఇంకా పెద్ద లైటు కొనమన్నాడు! సన్న పైపుతో రెండు మళ్ళకి నీళ్ళు పారకపోతే మూడో మడి కూడా కలుపు అన్నట్టుంది.

కరెంటు ఇవ్వడానికి మీకు రెండు దారులున్నాయి.

కొట్టంలో బల్బు పాయింటు ఉందని రాశారు. అది ఇంటి మీటరుదే కదా? పొలం మోటారు లైను అయితే ముట్టుకోవద్దు. వ్యవసాయ కరెంటు ఇచ్చేది 9 గంటలు, అదీ పగటి పూట. రాత్రికి పనికిరాదు, దాన్ని ఇంటి అవసరాలకి వాడకూడదు కూడా. ఇంటి లైనే అయితే అక్కడ స్విచ్చుతో సంబంధం లేకుండా ఒక 5 ఆంపియర్ల సాకెట్టు పెట్టించి, ప్లాస్టిక్ పెట్టెలో 12 వోల్టుల అడాప్టరు ఉంచండి. బల్బు హోల్డర్‌లోంచి లాగొద్దు. అత్తగారు పాలు పితికి బల్బు ఆపేస్తే లైటూ పోతుంది. ఇదే అన్నిటికంటే చవక. పెద్ద వైరు లాగే పని లేదు, ఎనిమిది పది మీటర్ల వైరు చాలు. లోపం ఒకటే, కరెంటు పోతే చీకటి. కేబులు దొంగలకి కూడా అదే కావాలి.

రెండోది, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని సాకెట్టులో అడాప్టరు పెట్టి, కొట్టం దాకా 1 చదరపు మిల్లీమీటరు రాగి జంట వైరు వేరేగా లాగడం. ఇందాకటి లెక్కే, అదే 25 మీటర్లకి ఇప్పుడు పోయేది ఒక వోల్టు లోపు. దాన్ని లైటు భరిస్తుంది. ఇన్వర్టర్‌కి 12 వాట్లు ఒక లెక్క కాదు. వైరుకి మాత్రం లైటు ఖరీదంత అయినా అవుతుంది. 12 వోల్టుల చిన్న బ్యాటరీ కొట్టంలోనే పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ మూడు నాలుగు గంటల్లో సగం అయిపోతుంది, రోజూ అలా పిండితే ఏడాది తిరక్కుండా చస్తుంది. అడాప్టరూ బ్యాటరీ ఒకే వైరుకి ముడేసి చార్జింగ్ అవుతుందనుకోవడం ఇంకా ప్రమాదం.

నాకైతే ముందు మొదటి దారిలో పెట్టి, దసరా వానలు మొదలయ్యే లోపల వీలు చూసుకుని రెండోదానికి మారడం బాగుంటుందనిపిస్తోంది. మీ చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుందో మీకే తెలుసు.

అడాప్టరు లైటుకంటే కాస్త పెద్దది కొనండి. 1 ఆంపియర్ లైటుకి 2 ఆంపియర్ల అడాప్టరు. లైటు కాలిపోదా అని అందరూ అడుగుతారు. బోరులో నీళ్ళు ఎక్కువున్నాయని బిందె పగలదు, దానికి కావలసినంతే పట్టుకుంటుంది. వోల్టులు మాత్రం 12 అంటే 12 ఉండాలి. అడాప్టరు మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ చూసి కొనండి. లైటు కొన్న తర్వాత వంద రూపాయలు ఆదా చేద్దామని అడాప్టరు దగ్గర పిసినారితనం చేస్తారు చాలామంది, కాలేది అదే.

వైరు కలిపేటప్పుడు ఎరుపూ నలుపూ తారుమారు కాకుండా దగ్గరుండి చూడండి. కావలిలో ఒకరింట్లో సెల్‌లో మాట్లాడుతూ నేనే తిరగేసి కలిపాను. చిన్న చిటుక్‌మన్న శబ్దం, లైటు పోయింది. నా జేబులోంచి కొత్తది కొనిచ్చాను. ఇంకొకటి, మన నెల్లూరు వైపు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, పైగా మీకు సముద్రపు గాలి. పిన్ను జాయింటు బయట వేలాడుతుంటే ఒక్క సీజనుకే పచ్చగా కిలుం పట్టి ఊడిపోతుంది. జాయింట్లన్నీ పెట్టె లోపల ఉండాలి. వైరు పెట్టెలోకి దూరేముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి పోవాలి, నీటిచుక్క ఆ వంపు దగ్గరే కారిపోతుంది. నల్ల టేపు ఒక్కటి చుట్టి వదిలేస్తే మే నెల ఎండకి జిగురు కారి ఊడొస్తుంది.

కదలిక చూసి వెలిగే తెల్ల లైటు పెట్టుకుంటే పోలా అని మీకు అనిపించవచ్చు. రంగులో కనపడుతుంది, దొంగకి తను కనపడ్డానని తెలుస్తుంది, ధరా తక్కువే. కానీ కుక్క పోయినా బర్రె లేచినా వెలుగుతుంది, పిట్టగోడ అవతల నిద్రపోయే వాళ్ళ మొహాన పడుతుంది, వానాకాలం ఉసిళ్ళు ముసురుతాయి. అది పెరటి గుమ్మం దగ్గర ఒక్కటి చిన్నది పెట్టుకోండి. అది కెమెరా కోసం కాదు, అత్తగారి కోసం. ఐఆర్ వెలుతురు దొంగకే కాదు, మనకీ కనపడదు. రాత్రి గడప దాటితే కట్లపాము ఉందో తాడు ఉందో చూపించేది మామూలు బల్బే.

తోటికోడలి మాట తేలిగ్గా తీసెయ్యొద్దు. అనుమానం అంటున్నారు మీరు. కానీ స్నానం చేసే చోటు ఒకరి కెమెరాలో పడటం చిన్న సంగతి కాదు. ఆడవాళ్ళని అలా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ రేపు లైటు పెట్టి బొమ్మ బాగుపడ్డాక ఆ తడక కూడా బాగానే కనపడుతుంది, ఆ బొమ్మ కువైట్‌లో ఆయన ఫోన్లోకీ పోతుంది. అది గుర్తు పెట్టుకోండి. డీవీఆర్ మెనూలో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది. బొమ్మలో ఒక భాగం మీద నల్ల చతురస్రం గీస్తే అక్కడ చూడ్డానికీ ఉండదు, రికార్డూ అవదు. ఆ అక్కని పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టి, ఎక్కడిదాకా మూయాలో ఆమెనే చెప్పమనండి. ఆమె పిట్టగోడ మొత్తం మూయమంటే, ఆ గోడ దూకే మనిషి మన దొడ్లో దిగాకే కనపడతాడు. ఆ నష్టం ఉంది. అయినా నేను ఒప్పుకోమనే అంటాను, ఎందుకో కింద చెబుతాను. ఆమె రానంటే మీరే మూసేసి, మూసిన బొమ్మ ఫోన్లో తీసి బావగారికి చూపించండి.

ఇక కాగితం అంచున రాసిన మాట. మీ ఆయన్ని నేను ఎరగను, చెడ్డగా అనుకోవడానికి నా దగ్గర కారణం లేదు. బూజు దులిపి, లైటు వేరుచేశాక ‘ఎవరో కదిలారు’ అనే ఫోన్లు చాలావరకు తగ్గుతాయని మాత్రం ధైర్యంగా చెప్పగలను. వరండాలోకి ఎందుకొచ్చావనే ఫోను తగ్గదు. అది వేరే సంగతి, దానికి ఏ లైటూ మందు కాదు.

దానికి మీరు చెయ్యగలిగినవి ఉన్నాయి. వరండా కెమెరాని గుమ్మం వైపు నుంచి తిప్పి వీధి గేటు వైపు పెట్టించొచ్చు, ఎలాగూ పాలపొర పోవడానికి దాన్ని కదిలించాల్సిందే. కదలిక మెసేజీలు వెనక కెమెరాకి మాత్రమే, రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా మాత్రమే వచ్చేట్టు పెట్టొచ్చు. చాలా డీవీఆర్‌లలో ఆయనకి వేరే యూజర్ పేరు ఇచ్చి ఏ కెమెరాలు కనపడాలో ఎంచుకోవచ్చు కూడా. ఈ మూడింట్లో ఏది చేసినా ఆయనకి చెప్పకుండా చేస్తే, ఒక రాత్రి పదింటికి ఆయన ఫోన్లో నల్ల తెర కనపడుతుంది. అంత దూరాన ఒంటరిగా ఉన్న మనిషి దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడో మీరు నాకంటే బాగా ఊహించగలరు. చెబితే ఒక గంట గొడవ పడొచ్చు. శుక్రవారం సెలవు ఉంటే పగటి పూట, పిల్లలు పక్కన లేనప్పుడు మాట్లాడండి. గాలి కోసం పదకొండింటికి వరండాలో కూర్చుంటాననీ, అందుకు జవాబు చెప్పాల్సి రావడం కష్టంగా ఉందనీ నాకు రాసినంత సూటిగా ఆయనకే చెప్పండి. ఏమీ మార్చకుండా ఊరుకోవడం కూడా ఒక దారే. కానీ బొమ్మ బాగుపడ్డాక ప్రశ్నలు పెరుగుతాయని మీరు పడుతున్న భయం నిజమయ్యేది ఆ దారిలోనే.

ఒక్కదాంట్లో మాత్రం మీకు రెండు దారులు ఇవ్వను. ఫోన్లో ఎవరో కనపడ్డారని అర్ధరాత్రి మీరు దొడ్లోకి పోవద్దు. తలుపు తియ్యకుండా బావగారికి ఫోన్ చెయ్యండి, నిజంగా మనిషే అయితే 112కి చెయ్యండి. కువైట్‌లో ఉన్న మనిషి చూడగలడు, రాలేడు. రాగలిగినవాళ్ళు పిట్టగోడ అవతలే ఉన్నారు. మాస్క్ ఆ అక్క చెప్పినంత మేర వెయ్యమన్నది అందుకే.

ఆకులు కోసిన రాత్రి, తొమ్మిదింటప్పుడు, వెనక కెమెరా బొమ్మ ఒకటి ఫోన్లో తీసి పంపండి. కోయకముందుది కూడా ఉంటే జతచెయ్యండి. గేటు ఎంత పక్కకి ఉందో చూసి 60 డిగ్రీలు చాలో, 90 కావాలో చెబుతాను. అప్పటిదాకా లైటు కొనొద్దు.